మూడో కుర్చీ

మా వదిన ఏ గదిలో అడుగుపెట్టినా ముందు మనుషుల్ని చూడదు, మూలలు చూస్తుంది. మా ఇంటికి కోడలిగా వచ్చిన రోజు మేమంతా ఆమె మొహం చూస్తుంటే, ఆమె మాత్రం వంటింటి మూల వంక చూసి, "ఇది తిన్నగా లేదే" అంది. మా అమ్మ ఆ మాట తననే అన్నదనుకుని వారం రోజులు మూతి ముడుచుకుని తిరిగింది. ఎనిమిదో రోజున వదిన మూలమట్టం తెచ్చి ఆ మూలలో పెట్టి, వంకర ఎంతుందో చూపించాక గానీ మళ్ళీ మాటలు కలవలేదు. అప్పట్నుంచి మా అమ్మ ఇంటికి వచ్చినవాళ్ళందరికీ ఆ వంకర చూపించి గర్వపడేది.

వదిన టైల్స్ పరిచే మేస్త్రి. వాళ్ళ నాన్న దగ్గర పదిహేనో ఏటికే తాపీ పట్టింది. మా అన్నయ్య బస్సు నడుపుతాడు. నేను వదిన దగ్గర టైల్స్ కోస్తాను. పైకి ఇద్దరం భాగస్థులమని చెప్పుకుంటాం గానీ, మేస్త్రి ఎవరో కూలీ ఎవరో చూసినవాళ్ళకు నిమిషంలో తెలిసిపోతుంది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, వెనక్కి తిరక్కుండా చెయ్యి చాస్తుంది. ఆ చేతిలో సరైన ముక్క పెట్టడం నా పని. కొలత వెంట్రుకవాసి తప్పినా ఆ ముక్క మళ్ళీ నా ఒళ్ళోకే వస్తుంది. ఒక్క మాట అనదు. అంటేనే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది.

పరిచిన ప్రతి టైల్‌నూ వేలి కణుపుతో రెండుసార్లు తట్టి వింటుంది. గట్టి చప్పుడు వస్తే సరే. డొల్ల చప్పుడు వస్తే సిమెంటు ఆరకముందే లేపి మళ్ళీ వేస్తుంది. గోడ పక్కన వచ్చే ఆఖరి వరసను మాత్రం ఆఖరిదాకా ముట్టదు. కొత్తలో నేను తెలివి చూపించబోయి ఆ వరస ముక్కలన్నీ పొద్దున్నే కోసి పెట్టేవాణ్ణి. సాయంత్రానికి వాటిలో ఒక్కటీ సరిపోయేది కాదు.

"ముందు గది పని నడవనీ అయ్యా. అంచు ఎంత మిగిలితే అంత కోద్దువు గానీ. అది ఎక్కడికీ పారిపోదు" అనేది.

పదేళ్ళ కిందట ఒక గడియారాల దుకాణంలో నేల వేయడానికి వెళ్ళాం. యజమాని ముసలాయన, గడియారాలు బాగుచేస్తాడు. ఊరంతా ఆయన్ని గడియారాల తాత అంటారు. బీరువా జరిపితే దాని వెనక నుంచి మందపాటి చెక్క బల్ల ఒకటి బయటపడింది. దాని మీద నిలువుగా పందొమ్మిది గీతలు, అడ్డంగా పందొమ్మిది గీతలు. వదిన చేతిలో పని వదిలేసి దాని ముందు కూర్చుండిపోయింది.

"తాతా, ఈ గీతలు ఎవరు గీశారు? ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు!"

"అది ఆట బల్ల అమ్మా. గో అంటారు."

"ఆట సంగతి తర్వాత. గీసినవాడెవరు?"

గీసింది తాతే. గీసినప్పట్నుంచీ ఆ గీతల్ని మెచ్చుకున్న మనిషి లేడు కాబోలు, ఆయన మొహం వెలిగిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం ఆయన వదినకు ఆట నేర్పడం మొదలుపెట్టాడు, మా పని కుంటుపడింది. మూడు రోజుల్లో అయ్యే దుకాణం ఎనిమిది రోజులు పట్టింది. ఆ ఎనిమిది రోజులూ నేను తినని తిట్టు లేదు, ఎందుకంటే తర్వాతి ఇంటివాళ్ళ ఫోన్లకు జవాబు చెప్పింది నేను.

ఆట మరీ చిక్కేమీ కాదు, చిక్కంతా ఆడటంలోనే ఉంది. ఒకరివి నల్లరాళ్ళు, ఒకరివి తెల్లరాళ్ళు. గీతలు కలిసే చోట ఒక్కొక్కటిగా పెట్టుకుంటూ పోవాలి. పెట్టిన రాయి కదలదు. చివరికి ఎవరు ఎక్కువ చోటు చుట్టేస్తే వాళ్ళు గెలిచినట్టు. ఎదుటివాడు మన రాళ్ళను నాలుగువైపులా ఊపిరాడకుండా మూసేస్తే అవి చచ్చినట్టే, తీసి పక్కన పడేస్తాడు. అయితే మన గుంపు లోపల రెండు ఖాళీలు విడివిడిగా మిగుల్చుకోగలిగితే దాన్ని ఎవడూ చంపలేడు. ఆ ఖాళీలను కళ్ళు అంటారు. రెండు కళ్ళుంటే బతికినట్టు.

అందరూ మొదట మూలల మీద పడతారు. మూలలో రెండు పక్కలా బల్ల అంచే గోడ కదా, తక్కువ రాళ్ళతో ఎక్కువ చోటు వస్తుంది. అటు నుంచీ ఇటు నుంచీ నాలుగో గీత కలిసే చోట ఒక చుక్క ఉంటుంది. దాని మీద ఒక కాపలా రాయి పెట్టి, ఈ మూల నాది అనుకుంటారు. మొదటి ఆటలో తాత కూడా అలాగే పెట్టాడు. వదిన నేరుగా ఆ రాయి వెనక్కి వెళ్ళి, అటు మూడు ఇటు మూడు గీతల చోట తన రాయి పెట్టింది. పెట్టేముందు బల్లను కణుపుతో రెండుసార్లు తట్టింది.

తాత నవ్వాడు. "ఇంటివాడు గుమ్మంలో నిలబడి ఉంటే నువ్వు పోయి వంటింట్లో కూర్చుంటావా?"

"చోటుంది కదా తాతా."

"చోటుంది. రెండు కళ్ళు పెట్టుకుని బతుకుతావు కూడా. కానీ ఆలోగా వాడు బయట ఎంచక్కా గోడ కట్టేసుకుంటాడు. మూల నీకు, ఊరు వాడికి. అక్కడికి వెళ్ళొచ్చు గానీ మరీ ఇంత తొందరగా వెళ్ళకూడదమ్మా."

"కట్టుకోనివ్వండి. గోడ కట్టడం గొప్ప కాదు తాతా, అది ఎటు చూస్తోందో చూడాలి."

ఆ ఒక్క మాట మీద వాళ్ళిద్దరూ పదేళ్ళు పోట్లాడుకున్నారు. ఆమె ప్రతి ఆటలోనూ ఏకై వచ్చి మేకై కూర్చుంటుంది. ఆయన ప్రతిసారీ "తొందర, తొందర" అంటాడు. మొదట్లో ఆమె బాగా ఓడేది. ఓడిన ఆటను మర్నాడు పనిలో, ఆరిన నేల మీద, విరిగిన టైల్ ముక్కలతో మళ్ళీ పేర్చేది. ఎదుటివాడి పక్షాన నన్ను కూర్చోబెట్టేది. ఒకే మూలను నాలుగు పక్కల నుంచీ చూసేది. అటు పాకి ఒకసారి, ఇటు పాకి ఒకసారి. నేల వేసేటప్పుడు కూడా అంతే, ఏ మూలను ఆ మూల వైపు నుంచే చూస్తుంది. నాకు ఆ ఆట అబ్బలేదు. మన వల్ల కాదని ఆడటం మానేశాను. చూడటం మాత్రం మానలేకపోయాను.

తాతే ఆమెను గో క్లబ్బుకు తీసుకెళ్ళాడు, వెనకాలే నేనూ. గ్రంథాలయం పై అంతస్తులో పొడవాటి గది, పన్నెండు బల్లలు, శనివారం మధ్యాహ్నాలు ఆట. సభ్యులు ఇరవై మందికి పైనే, ఆడమనిషి ఈమె ఒక్కతే. కొన్నాళ్ళకే అందరూ ఆమెను మూలమ్మ అనడం మొదలుపెట్టారు. ఎగతాళికే పెట్టారు. ఆమె మాత్రం పిలిచినప్పుడల్లా పలికేది, దాంతో ఎగతాళి కాస్తా ఎగిరిపోయి పేరు మిగిలింది.

ఆ క్లబ్బుకు కార్యదర్శి ఒకాయన. ఇళ్ళ ప్లాన్లు గీసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. జేబులో ఎప్పుడూ ఆరంగుళాల స్కేలు ఉంటుంది కాబట్టి మేము స్కేలు గారు అనేవాళ్ళం, వెనకాల. ఆయనకు ఒక నోటుపుస్తకం ఉంది. మూలల్లో ఎవరు ఎక్కడ పెడితే తర్వాత ఎవరు ఎక్కడ పెట్టాలో, ఆ వరసలన్నీ పాత పుస్తకాల నుంచి ఎత్తి, స్కేలుతో గీతలు గీసి, రాళ్ళ మీద అంకెలు వేసి రాసుకున్నాడు. పేజీకి ఒక మూల. ముత్యాల్లాంటి చేతిరాత, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. పుస్తకంలో లేనిది లోకంలో లేదు.

మొదటి రోజే వదినకూ ఆయనకూ పడలేదు. దానికి కారణం ఆట కాదు, నేల. కిటికీ దగ్గర నడుస్తూ ఆమె ఆగి, చెప్పుతో ఒక టైల్ మీద తట్టింది.

"ఇది డొల్లండీ. అటు పక్క కాస్త దిగింది కూడా. ఒక గంట పని, నేను చేసిపెడతాను."

"ఈ గది ప్లాను గీసింది నేనమ్మా" అన్నాడు స్కేలు గారు. "ఈ నేలలో దోషం లేదు."

ప్లాను గీసినంత మాత్రాన నేల సమంగా ఉంటుందా! నాకు ఒళ్ళు మండింది. వదిన నా మోచెయ్యి పట్టుకుని అవతలికి లాక్కుపోయింది.

ఆ డొల్ల టైల్ ఉన్నచోటే క్లబ్బువాళ్ళ మూడో కుర్చీ ఉండేది. ఆ కుర్చీల గురించి చెప్పాలి. క్లబ్బుకు చేతులున్న చెక్క కుర్చీలు మూడే ఉన్నాయి. కిటికీ పక్కన వరసగా వేసి ఉంటాయి. ఏటా ఒకసారి పక్క ఊరి క్లబ్బుతో జరిగే పోటీలో మన ఊరి తరఫున ఆడే ముగ్గురే వాటిలో కూర్చోవాలి. మిగతావాళ్ళకు మడత కుర్చీలు. మొదటి రెండు కుర్చీల మనుషుల్ని ఓడించే మొనగాడు మా ఊళ్ళో లేడు. మూడోది పదకొండేళ్ళుగా స్కేలు గారిది. ఏడాది పొడుగునా శనివారం ఆటల్లో ఎక్కువ గెలిచినవాళ్ళు ఆయన్ని ఆ కుర్చీ కోసం ఒక ఆటకు పిలవొచ్చు. అయితే ఓడితే మూడేళ్ళదాకా మళ్ళీ అడగకూడదు. ఆ నియమం రాసింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

పోయిన ఏడాది వదిన మోకాళ్ళు మొరాయించాయి. నలభై నాలుగేళ్ళు నేల మీద మోకాళ్ళు ఆనించిన మనిషి. డాక్టరు ఎక్స్‌రే ఫిల్ములు వెలుగుకు పెట్టి చూసి, ఇక మోకాళ్ళ మీద కూర్చునే పని ఆరు నెలలకు మించి వద్దన్నాడు. ఆ తర్వాత నడక, మెట్లెక్కడం కూడా కష్టమవుతుందని చెప్పాడు. ఆమె మాత్రం దారిలో ఆసుపత్రి మెట్ల టైల్స్ బాగాలేవని విసుక్కుంటూ దిగింది.

బస్టాపులో కూర్చున్నాక అసలు మాట చెప్పింది.

"ఈసారి శనివారం ఆటల లెక్కలో నేనే ముందున్నాను తెలుసా?"

"అయితే?"

"స్కేలు గారిని పిలుస్తాను. ఇన్నేళ్ళూ అందరి కుర్చీల కిందా నేల వేశాను. ఆ కుర్చీలో ఒక్కసారి నేను కూర్చోవాలయ్యా."

"ఓడితే మూడేళ్ళు ఆగాలి వదినా."

"అందుకే ఓడను" అంది, రేపు వాన రాదు అన్నంత మామూలుగా.

ఆట రోజు పొద్దున కూడా పనికి వచ్చింది. ఒక ఇంటి మెట్ల మలుపు మిగిలిపోయిందని, దాన్ని వదిలేస్తే ఆటలో అదే కనబడుతుందని అంది. నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. మధ్యాహ్నానికి కుడి మోకాలు గుమ్మడికాయలా వాచింది. క్లబ్బులోకి నా భుజం పట్టుకుని వచ్చి, ఒక మడత కుర్చీలో కూర్చుని, ఇంకో దాని మీద కాలు చాపుకుంది.

స్కేలు గారు కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "ఒక మనిషికి రెండు కుర్చీలా?"

"గెలిస్తే ఒక్కటే చాలండి" అంది వదిన.

గది గొల్లుమంది. ఆయన కూడా నవ్వాడు గానీ, చెవులు ఎర్రబడ్డాయి. తాత న్యాయనిర్ణేతగా పక్కన కూర్చున్నాడు. స్కేలు గారికి నల్లరాళ్ళు వచ్చాయి, మొదటి ఎత్తు ఆయనదే. తన కుడిచేతి అవతలి మూలలో చుక్క మీద కాపలా రాయి పెట్టాడు. తర్వాత ఎడమచేతి ఇవతలి మూలలో ఇంకొకటి. మిగిలిన రెండు మూలలూ వదిన తీసుకుంది. అప్పుడు ఆమె బల్లను రెండుసార్లు తట్టి, ఆ అవతలి మూలలో మూడూ మూడు మీద తెల్లరాయి పెట్టింది.

గదిలో వాళ్ళంతా ఎదురుచూస్తున్నదే అది. తాత గొంతు సవరించుకున్నాడు. తొందర అనకుండా ఉండటానికే సవరించుకున్నాడని నాకు తెలుసు.

మూలలోకి దూరిన రాయిని కాపలావాడు రెండు వైపుల్లో ఒక వైపు అడ్డుకోవాలి. ఏ వైపు అడ్డుకుంటే ఆ వైపు అతనికి గోడ లేస్తుంది. ముందు ఎక్కువ చోటు ఎటు ఉంటే అటు చూసేలా గోడ కట్టుకోవాలి. ఆ మూలకు స్కేలు గారు పేజీ మొత్తం బట్టీపట్టి వచ్చాడు. టకటకా పెట్టేశాడు, సరైన వైపే పెట్టాడు. ఆమె లోపల పాకుతోంది, ఆయన బయట కడుతున్నాడు. ఆ వరస నేను ఆయన పుస్తకంలో చూశాను. చివర్లో తెల్లరాయి అంచున ఒకసారి వంగి, మళ్ళీ ఒకసారి అతుక్కుని ఇల్లు పూర్తి చేసుకోవాలి.

సరిగ్గా ఆ రెండు రాళ్ళ ముందు వదిన ఆగిపోయింది. మూలను అలాగే వదిలేసి, ఖాళీగా ఉన్న పక్కకు పోయి అక్కడ రాయి పెట్టింది.

స్కేలు గారు తలెత్తాడు. "ఇంకా రెండున్నాయమ్మా" అన్నాడు. పాపం, నిజాయితీగానే అన్నాడు.

"ఉండనివ్వండి. ఎక్కడికీ పారిపోవు."

నాకు నవ్వాగలేదు. ఆఖరి వరస! ఇన్నేళ్ళూ నా ఒళ్ళోకి వచ్చి పడ్డ ముక్కలన్నీ గుర్తొచ్చాయి. ఆ రెండు రాళ్ళూ పెడితే ఆమె ఇంటికి తాళం పడుతుంది నిజమే, కానీ ఆయన గోడకూ నెర్రెలు పూడిపోతాయి. పెట్టకపోతే రెండూ అలాగే ఉంటాయి. అవసరమైనప్పుడు, ఎంత అవసరమైతే అంత కోసుకోవచ్చు.

కానీ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. పదిహేను నిమిషాలు లెక్కలు వేసి స్కేలు గారు ఆ పూర్తికాని మూల మీద పడ్డాడు. అంచు కింద నుంచి లోపలికి రాయి దూర్చాడు. చూస్తున్నవాళ్ళు ముందుకు వంగారు. ఆ గుంపు చస్తే ఆట అక్కడే అయిపోతుంది. కుర్చీ మూడేళ్ళ అవతలికి పోతుంది, మోకాలికేమో ఆరు నెలలే గడువు. తాత గడ్డం గీరుకుంటున్నాడు. వదిన చాపిన కాలు కిందికి దించి, నిటారుగా కూర్చుంది. ఒక రాయి పెట్టింది. ఆయన మళ్ళీ దూర్చాడు. ఆమె మళ్ళీ పెట్టింది. ఒక కన్ను కనిపించింది. ఇంకోటి కనిపించలేదు, నాకు. ఆమె మూడో రాయి పెట్టి, కణుపుతో మూలను తట్టి, "గట్టిగానే ఉంది" అంది. అప్పుడు చూశాను, రెండో కన్ను అంచునే ఉంది. బతికింది. పైగా ఇప్పుడు గోడలో నెర్రె పూడ్చుకోవడానికి స్కేలు గారే ఒక ఎత్తు ఖర్చుపెట్టాల్సి వచ్చింది.

ఆయన చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటుండగా వదిన రెండో మూలలో దూరింది. అది ఆయన ఎడమచేతి పక్క, ఒళ్ళో ఉన్నట్టుండే మూల.

ఇక్కడే ఆయన పప్పులో కాలేశాడు. నాకు ఈ ఆటలో అన్నీ తెలియవు గానీ ఇది మాత్రం తెలుసు, ఎందుకంటే ఆ నోటుపుస్తకం నేను చాలాసార్లు తిరగేశాను. అందులో ప్రతి మూలా కుడిచేతి అవతలి మూలే. ఒక్కటంటే ఒక్క పేజీలో కూడా వేరే మూల లేదు. ప్లాన్లు గీసే మనిషికి కాగితం ఎప్పుడూ ఒకే వైపు ఉంటుంది కదా. తన ఒళ్ళో ఉన్న మూలకు ఆ పేజీని మనసులో తలకిందులుగా తిప్పుకోవాలి. మొదటి మూల దెబ్బకు బుర్ర వేడెక్కి ఉందేమో, సగమే తిప్పాడు. అడ్డుకోవాల్సిన వైపు కాకుండా రెండో వైపు అడ్డుకున్నాడు. తర్వాతి రాళ్ళన్నీ మళ్ళీ టకటకా, వరస తప్పకుండా, ముత్యాల్లా పేర్చాడు. గోడ బ్రహ్మాండంగా లేచింది. అయితే అది చూస్తున్నది నేరుగా వదిన రాళ్ళనే, ఆమె ముందే పక్కన గట్టిగా వేసి పెట్టుకున్న వరసను. గోడ ముందు ఇంకో గోడ. మధ్యలో మనిషి నడవడానికి కూడా చోటు లేదు.

ఆయనకు పదకొండో రాయి దగ్గర అర్థమైంది. చెయ్యి రాళ్ళ గిన్నెలోనే ఆగిపోయింది. చాలాసేపు బల్లనే చూశాడు. నాకు ఆ మనిషి మీద ఇన్నేళ్ళ కోపం ఉంది, ఆ నిమిషంలో మాత్రం పోయింది. తప్పు కొలతతో చక్కగా కోసిన ముక్క చేతిలో పట్టుకుని నిలబడితే ఎలా ఉంటుందో నాకంటే ఎవరికి తెలుసు.

ఇంకో గంట ఆడాడు, మర్యాదగా, ఆఖరి రాయి దాకా. ఆట సమం కాకుండా తెల్లరాళ్ళకు కలిపే అర గడితో సహా లెక్కచూస్తే వదిన ఐదున్నర గళ్ళ తేడాతో గెలిచింది. తాత లెక్క రెండుసార్లు చూశాడు. తర్వాత కళ్ళజోడు తీసి, అందరూ వినేలా అన్నాడు:

"పదేళ్ళుగా నిన్ను తొందర, తొందర అన్నానమ్మా. నీది తొందర కాదు. నాదే భయం."

వదిన తల వంచుకుని తెల్లరాళ్ళను ఒక్కొక్కటే గిన్నెలో వేసుకుంటూ కూర్చుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను చూడనట్టు కిటికీ వైపు తిరిగాను, నాదీ అదే పరిస్థితి కనక.

పోటీ నాలుగు వారాల తర్వాత, మా క్లబ్బు గదిలోనే జరిగింది. పక్క ఊరివాళ్ళు వచ్చారు. అన్నయ్య సెలవు పెట్టి వచ్చాడు. ఆట ముక్కు మొహం తెలియకపోయినా ముందు వరసలో నిలబడ్డాడు. వదిన ఉతికిన చొక్కా లాంటి మొహంతో వచ్చి మూడో కుర్చీలో కూర్చుంది. కూర్చోగానే కుర్చీ టక్కున ఒక పక్కకు ఒరిగింది.

ఆమె లేవలేదు. కాస్త అటు, కాస్త ఇటు కదిలి చూసింది. టక్, టక్.

"కుర్చీ బాగానే ఉంది" అంది నాతో మెల్లగా. "నేలే. నేను చెప్పలేదూ?"

నాకు కోపం నషాళానికంటింది. పదేళ్ళ కిందటే గంటలో బాగుచేస్తానంది కదా! నోరు తెరవబోతుంటే, స్కేలు గారు జనాన్ని తప్పించుకుంటూ వచ్చాడు. వచ్చి ఆ నోటుపుస్తకం తీశాడు. ఒక పేజీ దగ్గర ఆగి, స్కేలు ఆనించి, అంచు వెంట తిన్నగా చించాడు. కుడిచేతి అవతలి మూల. అంకెలు వేసిన రాళ్ళు. నేను గుర్తుపట్టాను, వదిన కూడా గుర్తుపట్టింది. ఆయన దాన్ని సగానికి, మళ్ళీ సగానికి, మళ్ళీ సగానికి మడిచి, ఆ వయసులో మోకాళ్ళ మీద కూర్చుని, కుర్చీ వెనక కాలి కింద దూర్చాడు.

"ఇప్పుడు చూడండమ్మా."

ఆమె కదిలి చూసింది. చప్పుడు లేదు.

"మీకు ఎప్పట్నుంచి తెలుసండీ?" అంది.

ఆయన కుర్చీ చెయ్యి పట్టుకుని లేచి, మోకాళ్ళ దుమ్ము దులుపుకున్నాడు. "కూర్చున్న మొదటి రోజు నుంచీ" అన్నాడు. "పదకొండేళ్ళు ఊగాను. ఎవరితో చెప్పుకోను?"

తర్వాత మడత కుర్చీ ఒకటి తెచ్చుకుని ఆమె వెనకాల వేసుకుని కూర్చున్నాడు. పుస్తకంలో ఖాళీ పేజీ తెరిచి, స్కేలుతో పందొమ్మిది గీతలు నిలువుగా, పందొమ్మిది అడ్డంగా గీశాడు. ఈసారి బల్ల మొత్తం, నాలుగు మూలలూ. ఎదురుగా కూర్చున్న పక్క ఊరి మనిషి చుక్క మీద కాపలా రాయి పెట్టాడు. వదిన బల్లను రెండుసార్లు తట్టింది. స్కేలు గారు పెన్సిలు పట్టుకుని, ఆమె రాయి ఎక్కడ పెడుతుందో రాసుకోవడానికి ముందుకు వంగాడు.